పోస్టుకార్డుకు ఉన్న రక్షణ రోగి కేసు షీటుకు లేదు

సుపేలా ఠాణాలో ఒక ఫిర్యాదు నమోదైందనుకుందాం. ఇరవై ఆరేళ్ల వివాహిత మూడు రోజులుగా కనిపించడం లేదు. ఛత్తీస్‌గఢ్ పోలీసుల భాషలో అది ‘గుమ్ ఇన్సాన్’ కేసు. అంటే ఎఫ్ఐఆర్ కాదు, ఒక రిజిస్టరులో ఒక వరుస సంఖ్య. భర్త ఇచ్చిన ఫొటో జేబులో పెట్టుకుని ఒక కానిస్టేబుల్ బయలుదేరుతాడు. సుపేలాలో లాల్ బహదూర్ శాస్త్రి ప్రభుత్వాసుపత్రి ఉంది. రైలు పట్టాలకు ఆవల, సెక్టార్ 9లో ఉక్కు కర్మాగారం వారి జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ఉంది. గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు పొడవునా ప్రైవేటు నర్సింగ్ హోములు ఉన్నాయి. ఏ కౌంటరు ముందు నిలబడినా అతడికి తెలియవలసింది ఒక్కటే: ఈమె ఇక్కడికి వచ్చిందా, ప్రాణాలతో ఉందా?

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కానీ కౌంటరు వెనుక ఉన్న గుమాస్తా ఖాకీ చొక్కాను చూసి కంప్యూటరు తెరనే అతడి వైపు తిప్పాడనుకోండి. ఆమె ఏ తేదీన వచ్చింది, ఎవరితో వచ్చింది, స్త్రీల వైద్య విభాగంలో చూపించుకుందా, మానసిక వైద్యుడి దగ్గరా, గర్భం ఉందా, తీయించుకుందా, ఒంటిమీది దెబ్బలు ఎలా తగిలాయని చెప్పింది, మళ్లీ ఏ రోజు రమ్మన్నారు: అన్నీ ఆ తెరమీదే ఉంటాయి. సాయంత్రానికి ఆ వివరాలు ఎవరికి చేరతాయి? ఫిర్యాదుదారుకు. ఆ దెబ్బలు కొట్టినవాడు అతడే అయివుండవచ్చు.

తప్పిపోయిన వ్యక్తి వైద్య రికార్డులు పోలీసులకు ఇవ్వాలా వద్దా అన్న చర్చ మన దేశంలో జరగనే లేదు. అవసరం లేకపోయింది. అడిగితే ఇచ్చేస్తున్నప్పుడు చర్చ దేనికి?

చట్టం ఏమంటున్నదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ ప్రకారం, దర్యాప్తుకు గాని విచారణకు గాని అవసరమని భావిస్తే ఠాణా అధికారి తన సంతకంతోనే ఏ పత్రాన్నైనా తెప్పించుకోవచ్చు. మేజిస్ట్రేటు ముందుకు వెళ్లనవసరం లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 91వ సెక్షన్‌నే దాదాపుగా తెచ్చి ఇక్కడ అంటించారు. అయితే ఇదే సెక్షన్ కొన్నింటికి మినహాయింపు ఇచ్చింది. రాజ్య రహస్యాలు, బ్యాంకు పుస్తకాలు, తపాలా శాఖ అధీనంలో ఉన్న ఉత్తరం, పోస్టుకార్డు, పార్సిలు ఆ జాబితాలో ఉన్నాయి. తపాలాలో ఉన్న కార్డు కావాలంటే ఠాణా అధికారి సంతకం చాలదు, కోర్టు గాని జిల్లా మేజిస్ట్రేటు గాని ఆదేశించాలి. దారిపొడవునా ఎవరైనా చదవగలిగే పోస్టుకార్డుకు వలసపాలకులు ఇచ్చిన రక్షణను, వలసవాద వాసన పోగొడతామని కొత్త సంహిత తెచ్చినవారు భద్రంగా కాపాడారు. రోగి కేసు షీటు మాత్రం 2023లో కూడా వారికి గుర్తుకు రాలేదు.

సాక్ష్య చట్టం సంగతీ అంతే. న్యాయవాదికి కక్షిదారు చెప్పిన మాటకు రక్షణ ఉంది. వైద్యుడికి రోగి చెప్పిన మాటకు అలాంటి రక్షణ పాత చట్టంలో లేదు, కొత్త సాక్ష్య అధినియంలోనూ లేదు. ఇక వైద్యుల సొంత నియమావళి చూడండి. భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి ప్రవర్తన నియమాల్లో ఒకచోట, రోగి గాని, అతడి ప్రతినిధి గాని, ‘చట్టబద్ధ అధికారులు’ గాని అడిగితే రికార్డులను 72 గంటల్లో ఇవ్వాలని ఉంది. మరొకచోట, రోగి రహస్యాన్ని కోర్టులో న్యాయాధికారి ఆదేశిస్తే తప్ప, లేదా నిర్దిష్టమైన వ్యక్తికో సమాజానికో తీవ్ర ప్రమాదం ఉంటే తప్ప, లేదా ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధి అయితే తప్ప బయటపెట్టరాదని ఉంది. ఠాణా అధికారి ‘చట్టబద్ధ అధికారి’ అవుతాడా? అయితే రెండో నియమం ఏమైనట్లు? 2023లో జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమాలు తెచ్చి, మూడు వారాలకే వాటిని పక్కన పెట్టింది. 2002 నాటి గందరగోళమే నేటికీ చెల్లుబాటవుతున్నది. ఈ రెండు వాక్యాల మధ్య సుపేలాలోని ఒక నర్సింగ్ హోము గుమాస్తా నిలబడి నిర్ణయం తీసుకోవాలి. అతడు ఎటు మొగ్గుతాడో ఊహించడానికి న్యాయశాస్త్ర పాండిత్యం అక్కరలేదు.

ఇంతకంటే మౌలికమైన మెలిక ఒకటుంది. వయోజనులు ఇల్లు విడిచి వెళ్లడం నేరం కాదు. పిల్లల విషయం వేరు. బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో 2013 మే 10న సుప్రీంకోర్టు, తప్పిపోయిన ప్రతి బిడ్డ విషయంలోనూ అపహరణ లేదా అక్రమ రవాణా జరిగినట్లే భావించి ఎఫ్ఐఆర్ నమోదు చేయాలన్నది. అది సరైన మాట. వయోజనుల విషయంలో అలాంటి భావన లేదు, ఉండకూడదు కూడా. నేరమే లేనప్పుడు ‘దర్యాప్తు’ ఎక్కడిది? దర్యాప్తు లేనప్పుడు 94వ సెక్షన్ అధికారం ఎక్కడిది? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 17వ సెక్షన్ కూడా నేరాల నివారణకు, దర్యాప్తుకు, విచారణకు మాత్రమే మినహాయింపు ఇస్తున్నది. గుమ్ ఇన్సాన్ రిజిస్టరులోని వరుస సంఖ్య ఆ మినహాయింపులోకి రాదు. కానీ ఈ ప్రశ్న లేవనెత్తవలసిన మనిషి తప్పిపోయి ఉంది. ఆమె తరఫున మాట్లాడతానంటూ ఠాణాలో కూర్చున్నవాడే ఆమె ఎవరి నుంచి పారిపోయిందో ఆ మనిషి కావచ్చు.

భిలాయ్‌లో ఈ సంగతి మరింత పదునెక్కుతుంది. 1950లలో సోవియట్ సహకారంతో కర్మాగారం లేచినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం వైపుల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు మూడు తరాలుగా అక్కడే ఉన్నాయి. సెక్టార్ 5 బాలాజీ గుడిలో ఉదయం కలిసినవాళ్లే సాయంత్రం సుపేలా బజారులో ఎదురుపడతారు. టౌన్‌షిప్‌లో ఉద్యోగమిచ్చేది, క్వార్టరిచ్చేది, వైద్యం చేయించేది ఒకే సంస్థ. భార్యకైనా పెళ్లికాని కూతురికైనా వైద్య హక్కు ఉద్యోగి పేరు మీదుగానే వస్తుంది. అంటే ఇంటి యజమానికి తెలియకుండా వైద్యుడికి ఒక మాట చెప్పుకోవాలనుకున్న స్త్రీ, ఉచిత వైద్యాన్ని వదులుకుని పట్టాలు దాటి సుపేలాలోని ఏ చిన్న క్లినిక్కుకో డబ్బు కట్టి వెళ్లాలి. ఆ క్లినిక్కులోని చీటీ ఒక్కటే ఆమెకు మిగిలిన రహస్యం. అడిగిన కానిస్టేబుల్‌కు ఆ చీటీ చూపించడాన్ని ‘సహకారం’ అంటున్నారు.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఏం జరిగిందో తెలుగు పాఠకులకు గుర్తు చేయనక్కరలేదు. గర్భిణి అయిన భార్యను వైద్యపరీక్షకు తీసుకువెళ్లి బయటికి వస్తున్న దళిత యువకుణ్ణి ఆసుపత్రి గేటు దగ్గరే నరికారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, మిగిలినవారికి యావజ్జీవం విధించింది. అక్కడ పోలీసులు రికార్డు తీసి ఇచ్చారని కాదు. ఆ హత్య చెప్పేది వేరే సంగతి. ఇల్లు మార్చవచ్చు, ఫోను పారేయవచ్చు, గర్భిణి మాత్రం ఆసుపత్రికి రాక తప్పదు. వెంటాడేవాడికి అంతకంటే నమ్మకమైన చిరునామా లేదు. 2018 మార్చిలో శక్తివాహిని కేసులో, ఇష్టపడి పెళ్లి చేసుకున్న వయోజనులను కాపాడటం పోలీసుల బాధ్యత అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పోలీసులకే అదుపులేని వైద్య సమాచారం అప్పగించి, మళ్లీ వారినే కాపలా కాయమనడం ఎంతవరకు సబబు?

ఎదుటి వాదన తేలికైనది కాదు. దాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లు కన్నబిడ్డ కోసం రాత్రంతా ఠాణా మెట్లమీద కూర్చున్నవాళ్లను చూసి ఉండరు. 2023 జులైలో కేంద్ర హోంశాఖ పార్లమెంటు ముందుంచిన లెక్కల ప్రకారం 2019 నుంచి 2021 వరకు మూడేళ్లలో దేశంలో 10,61,648 మంది స్త్రీలు, 2,51,430 మంది బాలికలు తప్పిపోయినట్లు ఫిర్యాదులు వచ్చాయి. ఒక్క ఛత్తీస్‌గఢ్‌లో 49,116 మంది స్త్రీలు, 10,817 మంది బాలికలు. వీరిలో చాలామంది తిరిగి వస్తారు. రానివాళ్ల కోసం ప్రతి గంటా విలువైనదే. మతిమరుపు వచ్చిన తండ్రి చొక్కా జేబులో చీటీ లేకుండా బయటికి వెళ్లాడు. ఇన్సులిన్ మీద బతుకుతున్న తల్లి బస్సెక్కి ఎటో పోయింది. అక్కడ గోప్యత పేరు చెప్పి ఆసుపత్రి నోరు మూసుకుంటే అది క్రూరత్వమే.

ఆ క్రూరత్వం కూడా ఈ దేశంలో రోజూ జరుగుతున్నది. గ్రేట్ ఈస్టర్న్ రోడ్డుమీద స్పృహ తప్పి పడినవాణ్ణి 108 వాహనం దగ్గరలోని ఆసుపత్రికి చేరుస్తుంది. అక్కడి నుంచి రాయ్‌పూర్‌లో జనం మేకాహారా అని పిలుచుకునే అంబేడ్కర్ ఆసుపత్రికి పంపుతారు. అక్కడ అతడు ‘గుర్తుతెలియని పురుషుడు, వయస్సు సుమారు 60’ అవుతాడు. మెడికో లీగల్ సమాచారం రాయ్‌పూర్ పోలీసులకు పోతుంది. అతడి కొడుకు ఫిర్యాదు దుర్గ్ జిల్లా ఠాణాలో ఉంటుంది. రెండు రిజిస్టర్లకూ మధ్య ముప్పై, నలభై కిలోమీటర్లు. దుర్గ్ నుంచి ఉదయం వందే భారత్ ఎక్కితే ఎనిమిది గంటల్లో విశాఖపట్నం. ఆ మనిషి కేజీహెచ్‌లో మంచమెక్కితే మధ్యలో మూడు రాష్ట్రాల పోలీసులు. దేశమంతటా ఠాణాలను కలిపే సీసీటీఎన్ఎస్ వచ్చి ఏళ్లు గడిచాయి. అయినా ఆసుపత్రుల్లోని అజ్ఞాత రోగుల జాబితా, ఠాణాల్లోని తప్పిపోయినవారి జాబితా ఏ పూటకాపూట పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి లేదు. దీనికి ఎవరి జబ్బు వివరమూ అవసరం లేదు. వయస్సు, ఎత్తు, పుట్టుమచ్చ, దుస్తుల రంగు, చేరిన తేదీ చాలు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 100వ సెక్షన్ ఇంకా ముందుకు పోయింది. మానసిక అస్వస్థతతో వీధుల్లో తిరుగుతున్నవారు కనిపిస్తే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ నమోదు చేసి, కుటుంబాన్ని వెతికే బాధ్యత ఠాణా అధికారిదేనని రాసింది. అధికారం కావాలని అడిగేవారు ఈ బాధ్యత ఎన్నిసార్లు నెరవేర్చారో కూడా చెప్పాలి.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ ప్రాంతంలో ఒక పశువైద్యురాలి కుటుంబం ఒక ఠాణా నుంచి మరో ఠాణాకు తిరిగింది. తమ పరిధి కాదన్నారు. ఎవరితోనైనా వెళ్లిపోయిందేమో అన్నారు. తెల్లవారేసరికి ఆమె కాలిన శవమై దొరికింది. ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. ఆ రాత్రి పోలీసులకు లేనిది ఏ సమాచారం? టోల్‌ప్లాజా పేరు కుటుంబమే చెప్పింది. కావలసింది ఒక జీపు, కదలాలన్న బుద్ధి. పది రోజులు గడవకముందే నలుగురు నిందితులను కాల్చి చంపి చప్పట్లు కొట్టించుకున్నారు. ఆ ఎన్‌కౌంటర్ ఎలాంటిదో జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదికలో ఉంది. వైఫల్యం ఎదురైన ప్రతిసారీ వ్యవస్థ కొత్త అధికారం అడుగుతుంది. ఉన్న అధికారంతో ఏం చేసిందో అడిగేవాళ్లు తక్కువ.

ఇచ్చిన అధికారం ఎటు పోతుందో తెలుగు రాష్ట్రాలకు కొత్తగా చెప్పాలా? మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి పెట్టిన విభాగంలో ప్రతిపక్ష నాయకుల, న్యాయమూర్తుల, పాత్రికేయుల ఫోన్లు విన్నారన్న ఆరోపణపై తెలంగాణలో 2024 నుంచి కేసు నడుస్తున్నది. వలంటీర్లు సేకరించిన కుటుంబ వివరాలకూ స్త్రీల అదృశ్యానికీ ముడిపెట్టి 2023 జులైలో ఏలూరులో పవన్ కల్యాణ్ చేసిన ఆరోపణ ఆంధ్రప్రదేశ్‌ను కుదిపింది. ఆ ఆరోపణలో నిజమెంతన్నది అటుంచితే, ఇంటింటి సమాచారం ఎవరి చేతిలో ఉందన్న భయం నిజమైనది. అప్పుడు ఆ భయాన్ని వినిపించినవారు ఇప్పుడు అధికారంలో ఉన్నారు. పోలీసుల చేతికి వైద్య సమాచారం వెళ్లడం గురించి వారు ఒక చట్టం గాని, కనీసం ఒక ఉత్తర్వు గాని తెస్తే బాగుండేది.

దుర్గ్ జిల్లాకే తిరిగి వద్దాం. 2025 జులై 25న దుర్గ్ రైల్వే స్టేషన్‌లో కేరళకు చెందిన ఇద్దరు క్రైస్తవ సన్యాసినులను, ఒక ఆదివాసీ యువకుణ్ణి మానవ అక్రమ రవాణా, మతమార్పిడి ఆరోపణలపై అరెస్టు చేశారు. బజరంగ్ దళ్ ఫిర్యాదు చేసింది. వారి వెంట ఉన్న ముగ్గురూ వయోజనులైన యువతులు. తమ అంగీకారంతోనే వెళ్తున్నారని వారి కుటుంబాలు చెప్పినా వినలేదు. ఆగస్టు 2న బిలాస్‌పూర్‌లోని ఎన్ఐఏ కోర్టు బెయిలు ఇచ్చింది. వయోజన స్త్రీ నోటిమాటకు ప్లాట్‌ఫారం మీదే విలువ లేని చోట, ఆమె పరోక్షంలో ఆమె వైద్య చీటీని పోలీసులు ఏ కళ్లతో చదువుతారు? ఆ చీటీని చదివేది పోలీసులేనా, ఠాణా బయట నినాదాలు చేస్తున్నవారు కూడానా?

ఇతర దేశాలు ఈ చిక్కును ఎలా విప్పుకున్నాయో చూడటం దండగ కాదు. అమెరికా వైద్య గోప్యతా నియమాలు తప్పిపోయిన వ్యక్తి కోసం పోలీసులు అడిగితే ఆసుపత్రి ఇవ్వదగినవి ఏవో పేరుపేరునా రాశాయి: పేరు, చిరునామా, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ సంఖ్య, రక్తవర్గం, గాయం స్వభావం, చికిత్స తేదీ, మరణించి ఉంటే ఆ సమయం, శరీర గుర్తులు. డీఎన్ఏ, దంతాల రికార్డులు, శరీర ద్రవాల నమూనాలు ఈ దారిన ఇవ్వరాదని కూడా అక్కడే ఉంది. జబ్బు చరిత్ర ఆ జాబితాలో లేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అనుభవం మరింత ఆలోచింపజేస్తుంది. వాంకూవర్‌లో ఏళ్ల తరబడి స్త్రీలు, వారిలో ఎందరో ఆదివాసీలు, మాయమవుతుంటే పోలీసులు పట్టించుకోలేదు. వాలీ ఒప్పల్ కమిషన్ 2012లో ఆ నిర్లక్ష్యాన్ని తూర్పారబట్టింది. 2014లో ఆ రాష్ట్రం తప్పిపోయినవారి చట్టం చేసింది. ఒంటారియో చట్టం 2019లో అమల్లోకి వచ్చింది. అక్కడ నేరం జరిగిందన్న ఆధారం లేకపోయినా రికార్డుల కోసం పోలీసులు న్యాయాధికారి ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ప్రాణాపాయం ఉంటే ఉత్తర్వు లేకుండానే అత్యవసరంగా కోరవచ్చు, కానీ అలా ఎన్నిసార్లు కోరారో ఏటా బహిరంగంగా లెక్క చెప్పాలి. వేగం, జవాబుదారీతనం ఒకే చట్టంలో ఇమిడాయి.

చట్టాలు బలంగా ఉన్నచోట కూడా నోరు జారితే ఏమవుతుందో ఇంగ్లండు చూసింది. 2023 జనవరిలో లాంకషైర్‌లో ఇద్దరు పిల్లల తల్లి నది ఒడ్డున కనిపించకుండా పోయింది. దాదాపు మూడు వారాల తర్వాత పోలీసులు ఆమె మద్యం అలవాటును, రుతువిరతితో వచ్చిన ఇబ్బందులను పత్రికలకు చెప్పారు. దేశమంతా ముక్కున వేలేసుకుంది. ప్రధాని సైతం ఆందోళన వ్యక్తం చేశారు. కొద్ది రోజులకే ఆమె శవం నదిలో దొరికింది. ప్రమాదవశాత్తు మునిగిపోయిందని తేలింది. ఆ వెల్లడి అనవసరమైనదని, నివారించదగినదని ఆ ఏడాది నవంబరులో పోలీసు కళాశాల సమీక్ష చెప్పింది. అక్కడ సమీక్ష జరిగింది. ఇక్కడ సాయంత్రం వార్తల్లో ‘మతిస్థిమితం లేని’ అన్న విశేషణం ఏ ఠాణా నుంచి వచ్చిందో అడిగేవారుండరు.

ఢిల్లీ ఒకసారి తప్పిపోయినవారి పేరు చెప్పుకుంది. 2019 జులైలో లోక్‌సభలో పెట్టిన డీఎన్ఏ సాంకేతికత నియంత్రణ బిల్లులో నిందితుల సూచికతోపాటే తప్పిపోయినవారికి ఒకటి, గుర్తుతెలియని మృతులకు ఒకటి సూచికలు ఉన్నాయి. కన్నీళ్ల వెనుక నేరస్తుల జాబితా నడిచి వచ్చిందని విమర్శకులు గుర్తించారు. 2023 జులైలో బిల్లును ఉపసంహరించుకున్నారు. నేరస్తులు, నిర్బంధితుల కొలతలు, నమూనాలు తీసుకునే చట్టం మాత్రం అంతకు ముందు ఏడాదే వచ్చేసింది. ఆగినవి శవాలకు పేర్లు వెతికే సూచికలే.

అందుకని అడగవలసింది పెద్దదేమీ కాదు. ఆసుపత్రిలో ఉందా లేదా, ప్రాణంతో ఉందా లేదా అన్న ప్రశ్నకు గంటలోపు జవాబు రావాలి. అడిగేవాడు ఫిర్యాదు సంఖ్య, తన పేరు, హోదా రాసిన కాగితం ఇవ్వాలి. 2011 నాటి సమాచార సాంకేతిక నియమాలు కూడా ప్రభుత్వ సంస్థ కారణం చూపుతూ రాతపూర్వకంగానే అడగాలన్నాయి. కేసు షీటు కావాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాలి. ప్రాణం మీదికి వచ్చిందంటే ముందు తీసుకుని, మర్నాటికల్లా మేజిస్ట్రేటుకు సంజాయిషీ చెప్పాలి. గర్భస్రావం, హెచ్ఐవీ రికార్డులకు పార్లమెంటు ఇప్పటికే ప్రత్యేక చట్టాల్లో కంచె వేసింది. ఠాణాలకు, ఆసుపత్రులకు ఆ సంగతి తెలియజేసే పని మిగిలి ఉంది. మైనరు బాలిక గర్భస్రావం కోసం వస్తే పోక్సో సమాచారంలో సైతం ఆమె పేరు వెల్లడించనక్కరలేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఎన్ని నర్సింగ్ హోముల గోడల మీద ఉంది?

అన్నిటికంటే ముఖ్యమైనది దొరికిన తర్వాతి మాట. వయోజన స్త్రీ దొరికితే ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, ఎక్కడున్నదీ ఇంటికి చెప్పమంటావా అని అడగాలి. వద్దంటే, ‘క్షేమంగా ఉంది’ అన్న రెండు మాటలతో ఫిర్యాదు ముగియాలి. ఠాణాల్లో దీనికి పెద్ద అడ్డంకి చట్టం కాదు. ‘దొరికింది, అప్పగించాం’ అన్న వాక్యంతోనే ఫైలు మూసే అలవాటు. అప్పగించడానికి ఆమె పోయిన సొత్తు కాదు.

దీనికోసం ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనవసరం లేదు. సమాచార రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చినా, అందులోని ప్రధాన బాధ్యతలు 2027లో గాని అమలు కావు. పోలీసు శాఖ, ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. రాయ్‌పూర్, హైదరాబాద్, అమరావతి ప్రభుత్వాలు కావాలనుకుంటే ఆసుపత్రులకు ఒకటి, ఠాణాలకు ఒకటి ఉత్తర్వు వచ్చే వారమే ఇవ్వవచ్చు. అప్పటిదాకా సుపేలాలో కౌంటరు వెనుక కూర్చున్న గుమాస్తా చేయగలిగింది ఒకటుంది: తెరను తనవైపే ఉంచుకుని, ‘కాగితం తెచ్చారా?’ అని అడగడం.